నేరమంతా గాలిదే

కారు అదుపు తప్పి పల్టీ కొడితే మన దేశంలో డ్రైవర్‌ని కొడతారు. అమెరికాలో అంత మోటుతనం ఉండదు. గేజీ తెచ్చి టైరులో గాలి ఎంతుందో చూస్తారు.

ఈ సంప్రదాయానికి ఆద్యురాలు కార్వేర్. 1960 మోడల్‌గా జనరల్ మోటార్స్ దింపిన షెవర్లే కారు. ఇంజనూ వెనకే, బరువూ వెనకే. వెనక చక్రాలకు స్వింగ్ యాక్సిల్. వంపులో వేగంగా తిప్పితే, పైగా గతుకు తగిలితే, బయటివైపు చక్రం లోపలికి మడుచుకుని టైరు అంచుమీద నిలబడేది, కారు తోక విసిరేది. దీన్ని చాలావరకు ఆపగల స్టెబిలైజర్ కడ్డీ ఉంది గానీ దానికి ఖర్చవుతుంది. గాలి ఉచితం. అందుకని ముందు టైర్లకు 15, వెనక టైర్లకు 26 పీఎస్ఐ కొట్టించుకోమని పుస్తకంలో రాసి ఊరుకున్నారు. లెక్క తప్పు కాదు. ముందు టైర్లు మెత్తగా ఉంటే వాటి పట్టే ముందు సడలుతుంది, వెనకవి రోడ్డుని వదలవు. కానీ బంకు కుర్రాడు నాలుగింటికీ సమానంగా కొట్టాడంటే ఇంజనీర్ల చదువంతా గంగపాలే.

1965లో న్యాయవాది రాల్ఫ్ నేడర్ తన 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' మొదటి అధ్యాయంలోనే ఈ కారుని ఉతికి ఆరేశాడు. కంపెనీ వెంటనే దర్యాప్తుకు దిగింది. కారు మీద కాదు, నేడర్ మీద. అతని వెనక పెట్టిన డిటెక్టివుల సంగతి బయటపడి 1966 మార్చిలో కంపెనీ అధ్యక్షుడు జేమ్స్ రోష్ సెనేట్ ఉపసంఘం ముందు క్షమాపణ చెప్పాడు. 1972లో ప్రభుత్వ పరీక్షలు, కార్వేర్ ఆనాటి తోటి కార్లకంటే అధ్వానమేమీ కాదని తేల్చాయి. మిగతావాటి గురించి కూడా ఒక మాట చెప్పినట్టే అయింది.

తర్వాతిది వియ్యంకుల తగాదా. హెన్రీ ఫోర్డ్ మనవడు, హార్వీ ఫైర్‌స్టోన్ మనవరాలిని 1947లో పెళ్లాడాడు. 2000 నాటికి వాళ్లబ్బాయే ఫోర్డ్ ఛైర్మన్. ఆ ఆగస్టులో, ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లకు వేసిన 65 లక్షల ఫైర్‌స్టోన్ టైర్లను, ట్రెడ్ ఊడొస్తోందని వెనక్కి పిలిచారు. ట్రక్కు చట్రం మీద లేపిన పొడుగాటి బండికి 26 కొట్టమని ఫోర్డ్ చెప్పింది. అది చాలదు, 30 ఉండాల్సిందంది ఫైర్‌స్టోన్. గాలి తగ్గితే టైరు వేడెక్కి పాడవుతుంది మరి. నీ టైరే పుచ్చు అని ఒకరు, నీ బండే ఒరుగుబోతు అని ఇంకొకరు. ఈ మధ్యలో అమెరికాలో లెక్కకు తేలిన మరణాలు 271. 2001 మేలో సుమారు 95 ఏళ్ల వ్యాపార బంధం తెగింది. ఫైర్‌స్టోన్ అప్పటికే జపాన్ బ్రిడ్జ్‌స్టోన్ చేతిలో ఉంది గనక సర్దిచెప్పడానికి పుట్టింటివాళ్లెవరూ మిగల్లేదు.

ఆ గొడవలోంచి వచ్చిన చట్టం వల్లే 2007 సెప్టెంబరు నుంచి అమెరికాలో ప్రతి కొత్త కారులోనూ గాలి తగ్గితే వెలిగే పసుపు దీపం ఉంది. నాలుగో వంతు తగ్గేసరికి అది వెలిగి తీరాలి. 35 కొట్టాల్సిన కారులో అది 26 దగ్గర. ఎక్స్‌ప్లోరర్‌కి ఆరోగ్యం అనుకున్న అంకె ఇప్పుడు దీపం లెక్కలో అపాయం. చలికి పది ఫారెన్‌హీట్ డిగ్రీలకు ఒక పీఎస్ఐ చొప్పున గాలి దిగుతుంది కాబట్టి, నవంబరు వస్తే మిషిగన్‌లో ఇంటింటా కార్తీక దీపమే.

ఆ మిషిగన్‌లో, డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ట్రాయ్, కాంటన్‌లలో మనవాళ్లు బోలెడుమంది. కార్ల కంపెనీల్లో పనిచేసేవాళ్లే చాలామంది. కొత్త ఎస్‌యూవీ కొంటే నేరుగా గుడికి. బానెట్ మీద పసుపూ కుంకుమా, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. ముందు టైరు కింద కాయ పెట్టడానికి వంగినప్పుడు, తెరిచిన డ్రైవర్ తలుపు దగ్గర, ఎంత గాలి కొట్టాలో రాసిన స్టిక్కరు సరిగ్గా కళ్లెదుటే ఉంటుంది. చూసే నాథుడు లేడు. అందరి చూపూ 22 అంగుళాల రిమ్ము మీదే.

"టైరు మరీ పల్చగా ఉందేంటి బాబాయ్?"

"స్పోర్ట్ ప్యాకేజీరా. దానికి వేరే కట్టాను."

గాలి ఉండాల్సిన చోటు కోయించుకోవడానికి ఎదురు డబ్బు. పల్చటి టైరు గతుకుని మింగలేదు. దెబ్బ రిమ్ముకీ, అక్కణ్ణుంచి సస్పెన్షన్‌కీ, చివరికి స్టీరింగ్‌కీ చేరుతుంది. చక్రం పైకీ కిందికీ ఆడేటప్పుడు సస్పెన్షన్ ఆర్మ్ ఒక వంపులో, స్టీరింగ్ టై రాడ్డు ఇంకో వంపులో కదిలితే, మనం తిప్పకుండానే బండి పక్కకి లాగుతుంది. షాక్ అబ్జార్బర్ నీరసించిందంటే టైరు గెంతుతూ పోతుంది. నేలని వదిలిన టైరుకి స్టీరింగ్ మాట చెవికెక్కదు. చేతిలో చక్రం ఉంది గనక నడుపుతున్నది మనమే అనుకుంటాం, సంకీర్ణ ప్రభుత్వంలో ప్రధానమంత్రి లాగా.

ఇక గతుకులంటారా, 1909లో దేశంలోనే మొదటి మైలు కాంక్రీటు రోడ్డు వేసింది డెట్రాయిట్‌లో, వుడ్‌వర్డ్ అవెన్యూ మీద. 2018లో గ్రెచెన్ విట్మర్ ఈ దిక్కుమాలిన రోడ్లు బాగుచేస్తానని చెప్పి మిషిగన్ గవర్నరుగా గెలిచింది. మరుసటేడు అందుకోసం గ్యాలన్ పెట్రోలుకి 45 సెంట్ల పన్ను అడిగితే చట్టసభ మొహం తిప్పేసుకుంది. 1,64,000 పౌండ్ల లారీలను రోడ్డెక్కనిచ్చే చట్టం మాత్రం నిక్షేపంగా ఉంది.

గుంటలో పడి రిమ్ము వంగితే పరిహారం అడగొచ్చు. కాకపోతే ఆ గుంట సంగతి అధికారులకు తెలిసి ఉండాలి, పూడ్చే వ్యవధీ ఉండి ఉండాలి. 30 రోజులకు పైగా అందరి కంటా పడుతూ ఉంటే తెలిసినట్టే లెక్క. కాబట్టి ఫిబ్రవరిలో పుట్టిన గుంటలో పడదలుచుకున్నవాళ్లు మార్చి నెలాఖరు దాకా ఓపిక పట్టడం మంచిది.