కంది సాలు ఎక్కడ పోయింది?

మా రోజుల్లో అనంతపురం ఎర్రనేలలో ఒంటి పైరు వేస్తే పెద్దలు ఊరుకునేవాళ్లు కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానే గగనం. అదీ కుదురుగా పడదు. జూలైలో పదునిచ్చి, ఆగస్టంతా ఎండగట్టి, సెప్టెంబరులో మళ్లీ కురుస్తుంది. అందుకే చెనక్కాయలో కంది, కొర్రలో కంది, చేను చుట్టూ జొన్న, నడుమ అలసంద, అనుము.

జడ్డిగంలో చెనక్కాయ గింజలు ఒకరు పోస్తుంటే, గొర్రుకు విడిగా కట్టిన గొట్టంలో కందులు వదులుతూ ఇంకో మనిషి నడిచేది. ఏడు సాళ్లకో పదకొండు సాళ్లకో ఒక కంది సాలు. లెక్క తప్పేది కాదు. ఇప్పుడు కందికి ఒక సాలు వదలమంటే ట్రాక్టరు డ్రైవరు విసుక్కుంటాడు, రైతు కూడా సరే వద్దులే అంటాడు!

ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే చెనక్కాయ పోయినట్టే. కంది అలా కాదు. మొదటి రెండు నెలలు పక్క పైరుకు అడ్డం రాకుండా ఒదిగి ఉంటుంది, లోపల తల్లివేరు మాత్రం దిగుతూనే ఉంటుంది. 110 రోజులకు చెనక్కాయ పీకేశాక చేనంతా దానిదే. వెనక వానలకు పూత పట్టి, సంక్రాంతి లోపు కోతకొస్తుంది. రాలిన ఆకు నేలకు, పొట్టు ఎద్దులకు, కట్టె పొయ్యికి.

కంది పోవడానికి ఇంకో కారణం కలుపు మందు. జొన్నలో కలుపు చావాలని అట్రజిన్ కొడితే పక్క సాలులో కందీ చస్తుంది. అందుకని కందినే మానేశారు. మందు కోసం పంటను వదులుకోవడం ఏం సేద్యం?

2000లో కాండం కుళ్లు వైరస్ తెగులు జిల్లాలో చెనక్కాయను దారుణంగా దెబ్బతీసింది. చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్నో సజ్జో వేస్తే ఆ తెగులును వ్యాపింపజేసే తామరపురుగులకు అడ్డుకట్ట అని శాస్త్రవేత్తలు చెప్పారు. మా నాయన చేలో ఆ జొన్న అంతకుముందు నుంచే ఏటా ఉండేది.

కందిపప్పు కొనుక్కోవడం రైతుకు నామోషీగా ఉన్న రోజులవి. నేడు మయన్మార్ నుంచీ మొజాంబిక్ నుంచీ ఓడల్లో కందులొస్తే తప్ప దేశానికి పప్పు చాలడం లేదు. మెట్టచేలున్న ఇళ్లు కూడా అంగడి పప్పే వండుతున్నాయి. నాకు కడుపు మండేది ఇందుకే.

ఈసారి పదునైతే ట్రాక్టరు ఎక్కకముందే డ్రైవరుతో మాట్లాడుకోండి. ఎనిమిదో సాలులో చెనక్కాయ పడకుండా గొట్టం మూయించి, కంది వేయించండి. అందుకు నాలుగు రూపాయలు ఎక్కువ అడిగితే ఇచ్చేయండి.