వేరు దిగాక బేరమా?

పెద్ద కంపెనీలు క్లౌడ్ ఎంచుకునే తీరు చూసి తీరాలి. ముందు ఫలానా వాళ్ళకే ఇవ్వాలని పైనుంచి మాట వస్తుంది. తర్వాత ఒక కన్సల్టెంటు వచ్చి మూడు కంపెనీలను పోలుస్తూ పట్టిక వేస్తాడు. భద్రతకు ఇన్ని మార్కులు, ధరకు ఇన్ని, సపోర్టుకు ఇన్ని. మొదటిసారి కూడితే వేరే కంపెనీ నెగ్గుతుంది. అప్పుడు మార్కులు సరిచేస్తారు. నాలుగు నెలల కృషి అది.

కడియంలో అంత ఆలస్యం ఉండదు. ఒక నర్సరీ తన మొక్కల లెక్కలు, లారీల బిల్లులు, బెంగళూరు ఆర్డర్లు క్లౌడ్‌లోకి ఎక్కించాలనుకుంది. కమిటీ లేదు, ఇంజినీరింగ్ చదివిన కొడుకు ఉన్నాడు. "ఏడాది ఉచితం నాన్నా" అన్నాడు. "ఆయ్, ఎక్కించెయ్ మరి" అన్నారు పెద్దాయన. ఉచితానికి పడిపోవడంలో పల్లెకీ పట్నానికీ తేడా లేదు. స్టార్టప్‌లకు లక్ష డాలర్ల దాకా క్రెడిట్లు ఇస్తామని అమెజాన్ పిలుస్తూనే ఉంది. ఆ లక్ష కరిగేసరికి అంతా కట్టిన కుర్రాడు ఉద్యోగం మారిపోతాడు. బిల్లు మాత్రం మారదు.

సర్వర్లు ముంబయిలో ఉన్నాయి, హైదరాబాద్‌లో ఉన్నాయి. విశాఖలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరు 14న గూగుల్ ప్రకటించింది కూడా. మన కుర్రాడు మాత్రం తెర మీద ముందే టిక్కు పెట్టి ఉన్న ఊరిని అలాగే వదిలేశాడు. అలా కడియపులంక గులాబీ అంట్ల లెక్క అమెరికా చేరింది. వీసా కూడా అడగలేదు.

గూగుల్ ప్రకటన వచ్చిన ఆరో రోజున, సరిగ్గా దీపావళి నాడు, అమెరికాలోని వర్జీనియాలో అమెజాన్ సర్వీసులు పడకేశాయి. ఒక డేటాబేస్ చిరునామాను కనిపెట్టుకుని ఉండాల్సిన ప్రోగ్రామే ఆ చిరునామాను ఖాళీ చేసేసింది. స్నాప్‌చాట్ ఆగింది, ఫోర్ట్‌నైట్ ఆగింది. ఇంటర్నెట్‌తో నడిచే ఖరీదైన పరుపులు కొన్ని వేడెక్కిపోయి యజమానుల్ని నిద్రపోనివ్వలేదు. పరుపుకి సర్వరెందుకని అడక్కండి, వెనకబడినవాళ్ళ జాబితాలో చేరిపోతారు.

ఇలాంటి రోజుల కోసం ఒప్పందంలో పరిహారం ఉంటుంది. 99.99 శాతం సమయం పనిచేస్తామంటారు, అంటే నెలకు నాలుగైదు నిమిషాలకు మించి ఆగకూడదు. మించితే ముందుగా పది శాతం తగ్గింపు. అది కూడా మనం దరఖాస్తు పెట్టుకుంటేనే, రాబోయే బిల్లులోనే. పోయిన వ్యాపారం సంగతి ఆ కాగితంలో ఎక్కడా కనబడదు.

కవర్లో మొక్క చాలాకాలం ఒకేచోట కూర్చుంటే వేరు కవరును చీల్చుకుని నేలలోకి దిగిపోతుంది. అమ్మేరోజు లాగితే వేరు తెగి మొక్క వాడిపోతుంది. అందుకే నర్సరీల్లో కూలీలను పెట్టి అప్పుడప్పుడూ కవర్లు కదుపుతారు. పైకి లాభం కనిపించని ఖర్చే, అయినా తెలిసిన రైతు మానడు. అదే పెద్దాయన తన లెక్కల్ని మాత్రం మూడేళ్ళుగా కదపలేదు. ఆ కంపెనీ డేటాబేసే, ఆ కంపెనీ లాగినే, ఆ కంపెనీకి తప్ప ఇంకెవరికీ అర్థం కాని సర్వీసులు నాలుగు. వేరు పాతాళం చూసింది. ఖాతా మూసి వెళ్ళిపోయేవాళ్ళు డేటా తీసుకెళ్తే రుసుము వసూలు చెయ్యబోమని 2024లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ వరసగా ప్రకటించాయి. ఎంత పెద్ద మనసు! గేటు బార్లా తీశారు, ఇక మొక్కే నడిచి వెళ్ళాలి.

నర్సరీ చిన్నది కాబట్టి ఇలా అనుకుంటే పొరపాటు. నయారా ఎనర్జీ గుజరాత్‌లో రిఫైనరీ నడిపే కంపెనీ. 2025 జులైలో యూరప్ ఆంక్షలు విధించగానే మైక్రోసాఫ్ట్ దానికి సేవలు ఆపేసింది. లైసెన్సులకు పూర్తిగా డబ్బు కట్టామని నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాక గానీ అవి తిరిగి రాలేదు. ఆస్ట్రేలియా పింఛను సంస్థ యూనిసూపర్‌ది ఇంకో కథ. 2024 మేలో ఒక సెట్టింగు పొరపాటుతో గూగుల్ క్లౌడ్‌లో దాని ప్రైవేట్ క్లౌడ్ సబ్‌స్క్రిప్షన్ చెరిగిపోయింది. వేరే కంపెనీ దగ్గర దాచిన బ్యాకప్ ఆదుకుంది. ఆ రెండో బిల్లు దండగని ఆడిటర్లు ఎన్ని కొర్రీలు వేసి ఉంటారో!

మొన్న రెన్యువల్‌కి క్లౌడ్ కంపెనీ మేనేజరు కారేసుకుని నర్సరీకే వచ్చాడు. ఇంకో మూడేళ్ళకు సంతకం పెడితే ధర తగ్గుతుందన్నాడు. పెద్దాయన కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా సంతకం చేసేశారు. వెళ్తూ వెళ్తూ మేనేజరు ఆఫీసు కోసం నాలుగు అరెకా పామ్ మొక్కలు బేరమాడాడు. ప్రతి కవరూ వంచి అడుగున వేరు బయటికొచ్చిందేమో చూశాడు. ఒక్కోదానికీ ఇరవై రూపాయలు తగ్గించమన్నాడు.

"తీసుకెళ్ళాక చచ్చిపోతే మార్చిస్తారా అండీ?"

"మార్చడం ఉండదండి. వచ్చేసారి బిల్లులో పది శాతం తగ్గిస్తాం. దరఖాస్తు పెట్టుకోండి."