నోటు ఎగరకుండా

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ వెనక సందులో ఒక దర్జీ. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో సంసారం. రెండేళ్ల కింద ఒక మధ్యాహ్నం, మిషను డబ్బాలో గుండీల కింద అతనికి ఐదు రూపాయల నోటు దొరికింది. వెనకవైపు ట్రాక్టర్ బొమ్మ. నెంబరు చివర 786.

ముందు రోజు రాత్రే ఫోనులో వీడియో చూశాడు. అచ్చం అలాంటి నోటుకు ఐదు లక్షలు ఇస్తారట.

నోటు సంగతి అడగాలంటే పిల్లలమర్రి దగ్గర పురావస్తు మ్యూజియం ఉంది. షేర్ ఆటో ఎక్కితే పది నిమిషాలు. ఫోనులో అయితే ఆ పది నిమిషాలు కూడా అక్కర్లేదు.

నోటును కటింగ్ బల్ల మీద పరిచాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆపితే చెమట కారి నోటు మీద పడుతుందని భయం. ఆపకపోతే నోటు ఎగురుతోంది. కత్తెర పెడితే ట్రాక్టర్ కనబడదు.

"సందూకల అవ్వ సిక్కలున్నయి గదా, తేపో" అన్నాడు భార్యతో.

నాలుగు తెచ్చింది. ఉన్నవి అవే. చార్మినార్ బొమ్మ ఉన్న హాలి రూపాయలు, నిజాం ప్రభువు టంకసాలవి. ఒక్కొక్కటీ పదకొండు గ్రాముల పైన బరువు. హాలి సిక్క చెలామణిలోంచి పోయినా అవ్వ వీటిని మార్చుకోలేదు. చిన్నప్పుడు మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని వీటితోనే ఆడించేది. చార్మినార్ నడుమ దర్వాజ ఉంటుంది. ఆ దర్వాజలో ఒక ఉర్దూ అక్షరం. అవ్వకు ఉర్దూ రాదు, తెలుగూ రాదు. అక్షరం మీద బొటనవేలు పెట్టి చెప్పేది. "ఇది మహబూబ్ పాషాది, మన ఊరి పేరాయినది. ఇవి రెండు ఉస్మాన్ పాషావి." 1911లో మహబూబ్ పోయి ఉస్మాన్ గద్దెనెక్కాక దర్వాజలో మీమ్ పోయి ఐన్ వచ్చింది. నాలుగో దాని దగ్గర అవ్వ వేలు ఆగేది. "దీంట్ల అక్షరం సగమే పడ్డది. చెల్లుతదో చెల్లదో అని అంగడికి తీస్కపోలే."

నాలుగు మూలలా నాలుగు పెట్టాడు. సగం నోటు మీద, సగం బల్ల మీద. చెల్లుతుందో లేదో అన్నది ఎడమవైపు కింది మూలకు వచ్చింది. ఫొటో బాగా పడింది. పాత సామాను కొని అమ్మే యాప్‌లో పెట్టి, కింద ఒక్క మాట రాశాడు: ధర మీరే చెప్పండి.

గంటలో ఫోను వచ్చింది. అవతలి మనిషి మర్యాదస్తుడు. "సార్" అని పిలిచాడు. దర్జీని సార్ అని పిలిచేవాళ్లు మహబూబ్‌నగర్‌లో ఎవరూ లేరు. నోటు అసలైనదేనని, నాలుగు లక్షల ఎనభై వేలు వస్తుందని చెప్పాడు. రిజిస్ట్రేషన్‌కు 550 పంపమన్నాడు. పంపాడు. ఇన్సూరెన్స్‌కు 1,499. అదీ పంపాడు. వాట్సాప్‌లో సర్టిఫికెట్ వచ్చింది. దాని మీద రిజర్వు బ్యాంకు ముద్ర. పులి ఉంది, తాటిచెట్టు ఉంది.

పాత నోట్లు, నాణేల అమ్మకాలతో తమకు సంబంధం లేదని, వాటికి తాము ఏ రుసుమూ వసూలు చేయమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న ప్రకటన ఇచ్చింది. ఆ ప్రకటన ఈ సందులోకి రాలేదు. ముద్ర వచ్చింది.

మూడో రోజు జీఎస్టీ అన్నారు. 2,800. సాయంత్రం లోపల కట్టకపోతే నోటు వేరేవాళ్లది తీసుకుంటారట.

ఇంట్లో అంత లేదు. సిక్కలు నాలుగూ రుమాలులో మూటగట్టుకుని అవుసులాయన దగ్గరికి పోయాడు. ఆయన ఒక్కొక్కటీ గీటురాయి మీద గీశాడు. "నిజాం వెండిల రాగి కలుస్తది. నూటికి ఎనభై రెండు పాళ్లే వెండి" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. తూచి, తరుగు తీసి 2,300 చేతిలో పెట్టాడు. మిగతా 500 ఒక పెళ్లివారు జాకెట్లకు ఇచ్చిన అడ్వాన్సులోంచి తీశాడు. అతను మెట్లు దిగేలోపే అవుసులాయన సిక్కలు మూసలో వేశాడు. ఎవరివో పట్గొలుసులు ఆర్డరు ఉంది.

డబ్బు పంపిన పది నిమిషాలకు ఆ నంబరు స్విచ్చాఫ్ అయింది.

రెండు రోజులు చూసి సైబర్ మోసాల నంబరు 1930కి ఫోను చేశాడు. ఫిర్యాదు రాసుకుని, స్టేషన్‌కు రమ్మన్నారు. కానిస్టేబుల్ చిన్న పిల్లగాడు. దర్జీ ఫోను తీసుకుని స్క్రీన్‌షాట్లు తీయడం మొదలుపెట్టాడు. వాట్సాప్ అయింది. యాప్ తెరిచాడు.

"దీంట్ల ఐదు మెసేజీలు సూడనే లేదు నువ్వు."

దర్జీ చూడలేదు నిజమే. నాలుగు లక్షల ఎనభై వేల మనిషి లైన్లో ఉండగా వేరే బేరం ఎవరు చూస్తారు.

కానిస్టేబుల్ ఒక్కొక్కటీ పైకి చదివాడు. ఒకడు పది రూపాయలకు ఇస్తావా అన్నాడు. ఇంకొకడు ట్రాక్టరుకు ఆర్సీ ఉందా అన్నాడు. మరో ఇద్దరు వట్టి దండాలు పెట్టారు.

ఐదోది హైదరాబాద్ నుంచి. తేదీ అవుసులాయన దగ్గరికి పోవడానికి ముందు రోజుది.

"నమస్తే అన్నా. నోటు నాకు వద్దు. అది ఎగరకుండా నాలుగు బిళ్లలు పెట్టారు చూడండి, వాటి గురించి. ఎడమ కింది దాని దర్వాజలో అక్షరం సగమే ఉంది. దానికోసం చాలా రోజులుగా వెతుకుతున్నా. ధర మీరే చెప్పండి."