తాడు జరిపిన సిక్సర్లు

క్రికెట్‌లో ఒక మహా సిద్ధాంతం చలామణిలో ఉంది. జనానికి సిక్సర్లు కావాలి. బంతిని అంత దూరం కొట్టడం కష్టం కాబట్టి దూరాన్నే తగ్గించాలి. బౌండరీ తాడును లోపలికి లాగితే సరి! ఇంత సులువైన ఉపాయం మన పెద్దలకు తట్టనే లేదు. తట్టి ఉంటే పదో తరగతి తప్పిన పిల్లాడికి ట్యూషన్ పెట్టించేవాళ్ళా? పాసు మార్కులే పదికి దించేసి వీధంతా మిఠాయి పంచేవాళ్ళు.

ఐసీసీ నిబంధనల ప్రకారం పురుషుల అంతర్జాతీయ మ్యాచ్‌లో బౌండరీ పిచ్ మధ్య నుంచి 65 గజాలకు తగ్గకూడదు, 90 గజాలు మించకూడదు. తాడుకూ కంచెకూ మధ్య కనీసం 3 గజాలు వదలాలి. ఆ 3 గజాల మీద ఎవరికీ పేచీ లేదు. బంతి వెంట పడిన ఫీల్డరు వెళ్ళి బోర్డుకు తల బాదుకోకూడదు కదా. పేచీ అంతా 65కూ 90కీ మధ్య ఉన్న పాతిక గజాల మీదే. భద్రత పేరు చెప్పి లోపలికొచ్చిన తాడు వెనక్కి వెళ్ళే దారి మరిచిపోయింది. అది వదిలేసిన నేలలో ప్రకటన బోర్డులు మొలిచాయి. స్టేడియంలో గడ్డి కంటే ఏపుగా పెరిగే పంట ఇప్పుడు అదే.

ఫలితాలు ఘనంగానే ఉన్నాయి. ఐపీఎల్‌లో 2024 మార్చి 27న ఉప్పల్‌లో మన సన్‌రైజర్స్ 277 కొట్టింది, ముంబై 246 దాకా వచ్చింది. మూడు వారాలు తిరక్కుండా బెంగళూరులో మనవాళ్ళు 287, బెంగళూరు జట్టు 262. రెండు మ్యాచ్‌లలోనూ 38 చొప్పున సిక్సర్లు. మన జట్టే కాబట్టి గొంతు పోయేలా అరిచాం, తప్పేం లేదు. ఇప్పుడు కళ్ళు మూసుకుని ఆ 76 సిక్సర్లలో ఓ నాలుగు గుర్తు తెచ్చుకోండి చూద్దాం. చదునైన పిచ్, దుంగలాంటి బ్యాటు, మధ్యలో అదనపు బ్యాటరును దించనిచ్చే ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన ఎలాగూ బౌలర్ని కట్టిపడేశాయి. పైన తాడు కూడా బిగిస్తే అతను ఊపిరెలా పీల్చాలి? తాడును వెనక్కి జరపండయ్యా అని ఆ సీజన్‌లోనే సునీల్ గవాస్కర్ మొత్తుకున్నాడు. ఆయన మాటకు చప్పట్లు పడ్డాయి, తాడు మాత్రం కదల్లేదు.

ఈ సిద్ధాంతంతో పాత చరిత్రను కొలిస్తే మనం ఎంత నీరసమైన ఆట చూశామో తెలుస్తుంది. 1983 ఫైనల్లో మనవాళ్ళు చేసింది 183. వెస్టిండీస్ 140కే కుప్పకూలింది. రిచర్డ్స్ గాల్లోకి లేపిన బంతి కోసం కపిల్ దేవ్ వెనక్కి పరిగెత్తి పట్టిన క్యాచ్ గురించి తాతలు ఇంకా చెబుతూనే ఉన్నారు. పరిగెత్తడానికి అక్కడ నేల ఉంది మరి! 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో మన లక్ష్మణ్ 281 కొట్టాడు. 44 ఫోర్లు, సిక్సరు ఒక్కటీ లేదు. పాపం, ఆనాటి కోల్‌కతా జనం వినోదం లేక ఎంత అల్లాడిపోయారో! 2023 ఆసియా కప్ ఫైనల్లో మన సిరాజ్ 21 పరుగులిచ్చి 6 వికెట్లు తీస్తే శ్రీలంక 50కి చాప చుట్టేసింది. 2024 జూన్‌లో న్యూయార్క్‌లో మనవాళ్ళు 119కే ఆలౌటై, పాకిస్తాన్‌ను 113 దగ్గర ఆపారు. సిద్ధాంతం ప్రకారం ఆ రాత్రి ఇండియా అంతా నిద్రపోయి ఉండాలి.

ఈ పిచ్చి మనకొక్కరికే కాదు. యూరప్‌లో ఐస్ హాకీ రింక్ వెడల్పు సంప్రదాయంగా 30 మీటర్లు, ఉత్తర అమెరికాలో 26 మీటర్ల లోపు. ఇరుకైతే ఆట వేడెక్కుతుందని కొందరు, నైపుణ్యం చచ్చిపోతుందని కొందరు అక్కడ ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. 2022 బీజింగ్ ఒలింపిక్స్ ఆ ఇరుకు కొలతలోనే జరిగాయి. అయితే ఒక తేడా ఉంది. అక్కడ చోటు తగ్గితే ఇరుపక్షాలకూ తగ్గుతుంది. మన తాడు ఒకడి కోసమే కదులుతుంది.

ఇక మా నెల్లూరు తీరానికి రండి. ఇస్కపల్లి, మైపాడు, కోడూరు ఒడ్డున టెన్నిస్ బంతితో ఆడే కుర్రాళ్ళు ఐసీసీ పుస్తకం తెరిచి ఎరగరు. ఒక పక్క అల, ఒక పక్క ఒడ్డుకు లాగిన పడవలు, ఇంకో పక్క సరుగుడు తోపు, దాని వెనక రొయ్యల గుంట. పోటొస్తే మైదానం దానంతటదే కుంచించుకుపోతుంది. అప్పుడు వాళ్ళు సిక్సరును చవక చేయరు. నీళ్ళలో కొడితే ఔట్ అంటారు. రొయ్యల గుంటలో పడేస్తే ఔటుతో పాటు బంతి తెచ్చే పూచీ కూడా కొట్టినవాడిదే, కాపలావాడి తిట్లు అదనం. చోటు తగ్గినప్పుడు బ్యాటరుకే కష్టం పెంచాలని, లేకపోతే రేపు బంతి వేసే దిక్కుండదని ఆ కుర్రాళ్ళకు తెలుసు. అయిదేళ్ళ ఐపీఎల్ ప్రసార హక్కులను 48,390 కోట్లకు అమ్ముకున్న పెద్దలకే ఈ లెక్క అందలేదు.

లేదూ, సిద్ధాంతమే గొప్పదంటారా? అయితే సగంలో ఆపడమెందుకు? ముప్పై గజాల వలయం ఎలాగూ గీసే ఉంటుంది, తాడును అక్కడికే తెచ్చేయండి. బౌలర్ల వేలం మానేసి ఒక యంత్రాన్ని కొనండి. దానికి వెన్ను నొప్పి రాదు, 4 ఓవర్లలో 70 ఇచ్చినా మొహం మాడ్చుకోదు. ఫీల్డర్లను బోర్డులు పట్టుకుని నిలబడమంటే అద్దె కూడా వస్తుంది.

2023 ప్రపంచ కప్ మన దేశంలో జరిగినప్పుడు బౌండరీలు 70 మీటర్లకు తగ్గకుండా చూడమని ఐసీసీయే క్యూరేటర్లకు చెప్పింది. అంటే మన మైదానాల్లో చోటుంది, తాడుకు వెనక్కి నడవడమూ వచ్చు. రానిది నిర్వాహకులకు మనసే. భద్రతకు 3 గజాలు వదిలి, మిగతా నేలంతా బౌలరుకు తిరిగి ఇచ్చేయండి. అంత దూరం కొట్టగలిగినవాడికి మేమే లేచి నిలబడి ఈల వేస్తాం.