ముప్ఫై డిగ్రీల బతుకు

నేను గుండ్రటి ఆకురాయిని. మందం 4.8 మిల్లీమీటర్లు. ఒంగోలులో ఒక ఇనప సామాన్ల కొట్లో నాకన్నా సన్నవాటితో, లావువాటితో కలిపి కట్టగట్టి పడేశారు. మేస్త్రీ వచ్చి, "అన్నా, మిషన్ రంపానికి ఆకురాయి ఇవ్వు" అన్నాడు. కొట్టాయన 4 మిల్లీమీటర్లది తీసి ఇచ్చాడు. మేస్త్రీ జేబులోంచి తెగిన చైను ముక్క తీసి, ఆ ఆకురాయిని పంటి గుంటలో పెట్టి చూశాడు. వదులు. నన్ను పెట్టాడు. పంటి నెత్తి మీదికి నా ఒళ్ళు అయిదో వంతు తేలింది. అంతే తేలాలి. మరీ కిందికి దిగితే పన్ను కొక్కెంలా లోపలికి తిరుగుతుంది, పైకి లేస్తే అంచు మొండికేస్తుంది.

ఈ నేలలో మిషన్ రంపానికి పనేమిటని గుంటూరు మిరప రైతు అడగొచ్చు. పత్తి కట్టె పీకెయ్యొచ్చు, మిరప కట్టెకి కొడవలి చాలు. నిజమే. కానీ 1987 ప్రాంతంలో తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టిన ప్రకాశం మెట్టల్లో తరవాత తరవాత సుబాబుల్, జామాయిల్ బాగా పాకాయి. మందు కొట్టే పని తక్కువ, కాగితం మిల్లులు కొంటాయి. సుబాబుల్ మూడు నాలుగేళ్ళకి కోతకొస్తుంది, మోడు మళ్ళీ చిగురిస్తుంది. ఆ చిగురు కోసమే నేలకి దగ్గరగా, నున్నగా కొయ్యాలి. నాకు చాకిరీ తెచ్చిపెట్టేది ఆ 'నేలకి దగ్గరగా' అన్న మాటే. వానకి చిమ్మిన నల్లరేగడి మట్టి చెట్టు మొదలు దగ్గర బెరడుకి అంటుకుని ఎండిపోతుంది. గొడ్డలితో ఆ బెరడు చెక్కకుండా రంపం ఆనించారా, పళ్ళ పదును అక్కడికక్కడే పోతుంది.

పదును ఉన్నంతసేపూ రంపం పేళ్ళు రాలుస్తుంది. పోయిందంటే కారం పట్టినట్టు సన్నటి పిండి. అప్పుడు కుర్రాళ్ళు మిషను మీద పడి నొక్కుతారు, పొగ లేపుతారు, ఇంజన్ను తిడతారు. ఇంజన్ పాపం ఏం చేస్తుంది?

ఈ పంటి రూపం ఒక పురుగు పెట్టిన భిక్ష. పత్తిలో గులాబీ పురుగు, మిరపలో నల్ల తామర పురుగు చూసినవాళ్ళకి పురుగు మాటెత్తితే మందు డబ్బా గుర్తొస్తుంది గానీ, అమెరికాలో ఓరెగాన్ అడవుల్లో కలప కొట్టే జోసెఫ్ కాక్స్ 1946లో మొద్దు తొలుస్తున్న పురుగు దగ్గర కూర్చుండిపోయాడు. అది దవడలతో కుడికోసారి ఎడమకోసారి కొరుకుతూ అడ్డమైనా నిలువైనా తినేస్తోంది. ఆ దవడలనే ఉక్కులో దించి మరుసటేడు చైను అమ్మకానికి పెట్టాడు. అందుకే ఇప్పటికీ చైనులో కుడి పన్ను, ఎడమ పన్ను విడివిడిగా ఉంటాయి.

మేస్త్రీ మోడులో రంపంతోనే ఒక గాటు పెట్టి, ఇంజన్ ఆపి, చైను తిరిగే బారును అందులో బిగిస్తాడు. పంటి నెత్తిన వెనకవైపు ఒక సన్నగీత ఉంటుంది. దాని వెంట నడిస్తే 30 డిగ్రీలు. పచ్చి సుబాబుల్‌కి, జామాయిల్‌కి అది చాలు. ఎండి గిటకబారిన సర్కారు తుమ్మకి 25కి దిగాలి. అంచు మరీ సన్నమైతే నిలవదు. దుంగని నిలువునా చీల్చి పలకలు తియ్యాలంటే 10 చాలు.

"బాబాయ్, ముందుకీ వెనక్కీ రుద్దితే బిరీన అవుద్ది గదా?" అన్నాడు కొత్త కుర్రాడు.

"ముందుకే రా. పంటి లోపల్నుంచి బయటికి. వచ్చేటప్పుడు ఎత్తి తియ్యి, లేకపోతే ఆకురాయి గరుకు చస్తది."

వాడు చూస్తుండగానే మేస్త్రీ పంటి అంచు ఎండలోకి తిప్పాడు. మొద్దుబారిన అంచు మీద తెల్లటి తళుకు కనిపిస్తుంది. రెండు మూడు తోపులకి ఆ తళుకు మాయమవుతుంది. తళుకు పోయిందంటే పదునెక్కినట్టే.

నన్నడిగితే, 30 దగ్గర 28 పడ్డా రంపం కోస్తుంది. అన్ని పళ్ళూ ఒక్కలా, ఒకే పొడవున లేకపోతేనే తంటా. కుడిచేతివాటం మనిషికి ఒక వైపు పళ్ళు బాగా కుదురుతాయి, రెండోవైపు చెయ్యి తడబడుతుంది. కోత పొడవు పళ్ళున్న వైపుకి వంకరపోతుంది. అందుకే మేస్త్రీ బాగా అరిగిన పన్ను ముందు వెతికి, మిగతావాటిని దాని పొడవుకి దించుతాడు.

ప్రతి పంటికీ ముందు చిన్న మూపురం ఉంటుంది. పన్ను ఎంత లోతు దిగాలో చెప్పేది అదే. పన్ను అరిగేకొద్దీ నెత్తి దిగుతుంది కనక నాలుగైదు పదునులకోసారి బల్లపరుపు ఆకురాయితో మూపురాన్నీ దించాలి. తేడా 0.65 మిల్లీమీటర్లు. అంతకుమించి దించితే రంపం కర్రని కరిచి ఎగిరిపడుతుంది. మిషను మనిషి మీదికొచ్చేది అలాంటప్పుడే. తొందరగా తెగుతుందని ఎక్కువ దించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నా గరుకూ చచ్చిపోతోంది. అరిగిన వైపు తప్పించి మేస్త్రీ నన్ను తిప్పి తిప్పి వాడుతున్నాడు. ఇక జారిపోతుంటే కమ్మరి కొలిమికి ఇచ్చి దబ్బనం కొట్టించుకుంటానని నిన్న ఎవరితోనో అన్నాడు. బావమరిది గుంటూరు యార్డులో మిరప టిక్కీలు కుడతాడట. అక్కడ డిగ్రీల గొడవ ఉండదు. ఘాటుకి కళ్ళు మండుతాయంటారు గానీ, నాకు కళ్ళెక్కడివి?