డ్రైవర్ క్లాజన్న

ఉస్మానియా క్యాంపస్‌ను ఎన్నేళ్లయినా ఖాళీ చేయనివాళ్లు రెండు రకాలు. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ చుట్టూ వాకింగ్ చేసే తార్నాక రిటైర్డ్ సార్లు ఒక రకం, హాస్టళ్లలోని అన్నలు ఇంకో రకం. సార్లు టిఫిన్ వేళకు ఇళ్లకు పోతారు. అన్నలు పోరు. 1939లో నిజాం చేతుల మీదుగా ప్రారంభమైన ఆ రాతి భవనం ఎందరో వైస్ చాన్సలర్లను సాగనంపింది గానీ, అన్నలను సాగనంపడం మాత్రం దానివల్ల కాలేదు.

అన్నల్లో మళ్లీ శాఖలున్నాయి. ఉద్యమం నాటి ముచ్చట తప్ప మరోటి చెప్పని అన్న, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో కమిషన్ కంటే ముందే తెలిసిన అన్న, ఎవరి మెస్ కార్డు మీద ఎవరు తినొచ్చో తీర్పు చెప్పే అన్న. వీళ్ల గురించి రాయడానికి చాలామంది ఉన్నారు. అంతగా పేరు రాని శాఖ ఒకటుంది: ట్రాక్టర్ ఇన్సూరెన్స్ అన్న. ముద్దుపేరు క్లాజన్న. ఒక్కడే అనుకునేరు! ఉమ్మడి నల్లగొండకొకడు, పాలమూరుకొకడు, మెదక్‌కొకడు, ఏ హాస్టల్లో తలుపు తట్టినా దొరుకుతాడు.

ఆనవాళ్లు చెబుతాను. వయసు నలభైకి దగ్గర, మీసం మాత్రం ముప్పై అంటుంది. భుజాన జెరాక్సులతో ఉబ్బిన సంచి. ఎల్‌ఎల్‌బీ అయింది, ఎల్‌ఎల్‌ఎం అయింది, పీహెచ్‌డీ అవుతోంది. గైడ్ రిటైరై మనవళ్లను ఆడిస్తున్నాడు, థీసిస్ ఇంకా మూడో చాప్టర్‌లోనే ఉంది. గది మాత్రం ఇంకొకరి పేరు మీద. ఈయన నాన్ బోర్డర్. గ్రూప్-1 రాశాడు. 2022లో రాసిన ప్రిలిమ్స్ రద్దయింది, 2023లో మళ్లీ రాసిందీ రద్దయింది కాబట్టి తాను ఫెయిలైనట్టు ఏ కోర్టులోనూ రుజువు చేయలేరని ఆయన వాదన. వకీలు బుర్ర అంటే అది.

ఈ విద్య ఆయనకు కోరి అబ్బింది కాదు. ఊళ్లో ఎవరిదో ట్రాక్టర్ గట్టు దాటుతూ పల్టీ కొట్టింది. పాలసీ వాట్సాప్‌లో వచ్చింది: "ఇంగ్లీషుల ఉంది, జర చదివి చెప్పన్నా." చదివాడు. చివరి పేజీ దాకా చదివాడు. ట్రాక్టర్ అమ్మిన షోరూమతను గానీ, లోనిచ్చిన బ్యాంకతను గానీ, పాలసీ కట్టించిన ఏజెంటు గానీ, సంతకం పెట్టిన రైతు గానీ ఎన్నడూ అడుగు పెట్టని జాగా అది. అక్కడ చిన్న అక్షరాల్లో కనిపించింది డ్రైవర్ క్లాజు. దాని సారాంశం ఇదీ: యజమానితో సహా ఎవరైనా నడపొచ్చు. కాకపోతే ప్రమాదం జరిగిన సమయానికి చెల్లే లైసెన్సు ఉండాలి. లైసెన్సు పొందేందుకు అనర్హుడై ఉండకూడదు. లెర్నర్ లైసెన్సు వాడైతే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో మూడోదాన్ని పాటించాలి.

రైతుకు మొదటి ముక్క చాలు. 'ఎవరైనా నడపొచ్చు' అన్నాక ఇంకేం కావాలి? క్లాజన్నకు మాత్రం మొత్తం కావాలి. ఆ రోజు నుంచి ఆయన మండలానికంతటికీ ఇన్సూరెన్స్ సలహాదారు. ఎవరూ నియమించలేదు, ఎవరూ తీసేయనూ లేరు.

దర్బారు సాయంత్రం పూట తార్నాకలో, మెట్రో పిల్లర్ నీడలో ఉన్న టీకొట్టు దగ్గర. అక్కడే ఎందుకంటే, భువనగిరి వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో దిగినవాళ్లు గాంధీ ఆస్పత్రికి పోవాలంటే తార్నాక దాటాలి. గాంధీలో ఎవరో ఒకరు పడి ఉంటే తప్ప, ట్రాక్టర్ ఎవరు నడపాలన్న ప్రశ్న ఏ ఊళ్లోనూ పుట్టదు.

"అన్నా, మన ట్రాక్టరు బైకును గుద్దింది."

"నడిపిందెవలు?"

"మనోడే."

"మనోడంటే?"

"మా బావ కొడుకన్నా. మంచిగ నడుపుతడు."

"లైసెన్సుందా?"

"ఆధార్ ఉంది."

"నేనడిగింది లైసెన్సు."

"పట్టా పాసుబుక్కు మా బావ పేర ఉంది. రేషన్ కార్డుల పిలగాని పేరు ఎక్కింది."

"వయసెంత?"

పైన మెట్రో రైలు పోయేదాకా జవాబు లేదు. "మొన్న దసరాకు పదహారు నిండినయ్."

క్లాజన్న గ్లాసు కింద పెట్టాడంటే ఉపన్యాసం మొదలైనట్టు. వ్యవసాయ ట్రాక్టర్‌ను సర్కారు రవాణా బండ్ల లెక్కలో వేయలేదు, అందుకని పద్దెనిమిది నిండితే చాలు. ఆ పద్దెనిమిది మాత్రం నిండాల్సిందే. ఊరి లెక్కలో ట్రాక్టర్‌కు అర్హత అంటే క్లచ్ కాలికందడం. చట్టం కాళ్లు కొలవదు. పైగా 2019 సవరణ తర్వాత మైనరుకు బండి అప్పజెప్పిన యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా రాసిపెట్టారు. ఇంత చెప్పి ఊరుకుంటే బాగుండేది. ఆయన సంచిలోంచి 2004 నాటి సుప్రీంకోర్టు తీర్పు తీస్తాడు. స్వరణ్ సింగ్ కేసు. డ్రైవర్‌కు లైసెన్సు లేదన్న ఒక్క కారణంతో కంపెనీ తప్పించుకోలేదు, యజమాని తెలిసీ నిర్లక్ష్యంగా బండి ఇచ్చాడని కంపెనీయే రుజువు చేయాలి. రుజువు చేసినా, ముందు బాధితుడికి చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకొమ్మని కోర్టు చెప్పొచ్చు.

"అంటే పైసలొస్తయన్నట్టేనా అన్నా?"

"దెబ్బ తాకినోనికి వస్తయ్. వెనుక కంపెనీ మీ బావ దగ్గర వసూలు చేస్తది."

"ఎట్ల చేస్తది? ఆయన దగ్గరేమున్నది?"

"పట్టా పాసుబుక్కుందంటివి గదా."

"మరి మన ట్రాక్టరు ముందటి యాక్సిల్ పోయింది?"

"అది మీ బావ సొంత పైసలతోని."

ఈ ఘట్టంలో ఎప్పుడూ ఒక పెద్దమనిషి కుర్చీ దగ్గరికి జరుపుకుంటాడు. గొంతు తగ్గిస్తాడు. "బిడ్డా, మా పాలోళ్ల పిలగానికి లైసెన్సుంది. ఈడ్నే క్యాబు నడుపుతడు. ఆయనే నడిపిండని రాపిస్తే గాదా?" ఊళ్లన్నీ కలిసి కనిపెట్టిన బీమా సిద్ధాంతం ఇదొక్కటే: ముందు ప్రమాదం, తర్వాత డ్రైవర్. క్లాజన్నకు ఇక్కడ కోపమొస్తుంది. "ఆ టైముకు మీ పిలగాడు శంషాబాద్ ట్రిప్పుల ఉన్నడని వాని ఫోనే చెప్తది కాకా. అప్పుడు పిలగాడూ లోపలికే, నువ్వూ లోపలికే" అంటాడు. ఆయన మీద ఎన్ని జోకులైనా వేయొచ్చు గానీ, ఈ పనికి ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు, సలహాకు ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. టీ మాత్రం వచ్చినవాళ్లే ఇప్పించాలి. ఉస్మానియా బిస్కెట్లు ఆయన ఆర్డర్ చేయడు, ప్లేటు వైపు చూస్తాడంతే.

అసలు చిక్కు ఆయన నిజాయితీతో కాదు, నిడివితో. అర్హత ఉందా లేదా అని అడిగినవాడికి మూడు తీర్పులు, రెండు సవరణలు వినిపించాక, అడిగినవాడి ఫోన్ చార్జింగూ అయిపోతుంది, ఉప్పల్ నుంచి ఆఖరి బస్సూ వెళ్లిపోతుంది.

ఊళ్లో ఆయనకు పరపతి ఉందనుకుంటే పొరపాటు. వినాయక నిమజ్జనానికి యువజన సంఘం ట్రాక్టర్ మాట్లాడింది. డ్రైవర్‌కు లైసెన్సుంది, అదీ చెల్లే లైసెన్సు. అందరూ సంతోషంగా ఉండగా క్లాజన్న లేచి, డ్రైవర్ మంచోడైనా ప్రయాణం మంచిది కాదన్నాడు. పాలసీ వ్యవసాయ పనులకే. ఇటుక బట్టీకి మట్టి తోలుతున్న ట్రాలీలో కూలీ దెబ్బ తిన్న కేసులో, కంపెనీకి బాధ్యత లేదని 2007లో సుప్రీంకోర్టు అన్నది. చివరికి ఆ పేదవాడి మీద దయతో, రాజ్యాంగం తనకిచ్చిన ప్రత్యేకాధికారం వాడి, ముందు చెల్లించి యజమాని దగ్గర వసూలు చేసుకొమ్మన్నది, అంతే. సంఘం అధ్యక్షుడు ఓపికగా విని ఒక్క ప్రశ్న అడిగాడు: "దేవుడు థర్డ్ పార్టీయా అన్నా, ప్యాసింజరా?" క్లాజన్న రాత్రంతా ఆలోచించాడని వినికిడి. నిమజ్జనం మాత్రం ఆగలేదు.

ఒక్క ప్రస్తావన వస్తే మాత్రం ఆయన ఉపన్యాసం ఇవ్వడు. 2018 జూన్‌లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర, పొలం పనికి పోతున్న ఆడకూలీల ట్రాక్టర్ మూసీ కాల్వలో బోల్తా పడి పదిమందికి పైగా చనిపోయారు. ట్రాక్టర్‌కు ఉన్నది ఒక్క సీటు, అది డ్రైవర్‌ది. ట్రాలీ సామాన్లకు. మామూలు పాలసీలో ట్రాలీలో ఎక్కిన మనిషికి చోటే లేదు. ఇంతవరకే చెప్పి, "ఇంకో చాయ్ చెప్పు" అంటాడు.

ఇక తార్నాక సార్ సంగతి. ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, చుట్టుపక్కల ప్రయోగశాలలకు కొదవ లేదు కనుక తార్నాకలో రిటైర్డ్ సైంటిస్టులకూ కొదవ లేదు. రిటైరైన సైంటిస్టుకు ఒక దశలో భూమి మీద ప్రేమ పుడుతుంది. అలా ప్రేమ పుట్టిన ఒక సార్ భువనగిరి అవతల ఐదెకరాలు కొన్నారు. ఐదెకరాలకు సొంత ట్రాక్టర్ ఎందుకని అడిగిన భార్యకు గ్రాఫ్ గీసి చూపించారు. ట్రాక్టర్ వచ్చింది. మార్నింగ్ వాక్‌లో క్లాజన్న తగిలాడు.

"బాబూ, నా దగ్గర కారు లైసెన్సుంది. ట్రాక్టర్ నడపొచ్చా?"

ఇన్నేళ్లలో ప్రమాదానికి ముందే ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. క్లాజన్నకు కళ్లు చెమర్చాయి. లాండ్‌స్కేప్ గార్డెన్ దగ్గర మొదలుపెట్టి ఎన్‌సీసీ గేటు దాకా చెప్పాడు. ఖాళీ బరువు 7500 కిలోలు మించని ట్రాక్టర్, చట్టం దృష్టిలో తేలికపాటి మోటారు వాహనం. సార్ ట్రాక్టర్ రెండు టన్నులకు అటూ ఇటూ. వెనక ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టర్ ట్రాక్టర్ కాకుండా పోదని 2001లో నాగశెట్టి కేసులో తేల్చారు. 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో ముగ్గురు జడ్జీలు ఇంకా విశాలంగా చెప్పారు. దాన్ని సవాలు చేస్తే 2024 నవంబర్ 6న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం అదే ఖాయం చేసింది. తేలికపాటి వాహనం లైసెన్సున్నవాడు 7500 కిలోల లోపు రవాణా బండిని కూడా వేరే ఎండార్స్‌మెంట్ లేకుండా నడపొచ్చు. "మీరు నూటికి నూరుపాళ్లు అర్హులు సార్! పైగా లైసెన్సున్న యజమాని కాబట్టి మీకేమన్నా అయితే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా." పక్కనే నడుస్తున్న మేడమ్‌కు ఆ పదిహేను లక్షలు చెప్పిన ఉత్సాహం నచ్చలేదు.

అర్హుడైన సార్ ఆదివారం పొలానికెళ్లి, ముందుకనుకొని వెనక్కి పోయి, దానిమ్మ మొక్కలతో పాటు బోరు మోటారు స్టార్టర్ పెట్టెను కూడా దున్నేశారు. జీతగాడు వచ్చి ట్రాక్టర్ బయటికి తీశాడు. ఆయన ఇరవయ్యేళ్లుగా ట్రాక్టర్ మీదే ఉన్నాడు, సాలు తాడు పట్టి గీసినట్టు తీస్తాడు. లైసెన్సు లేదు. పాలసీకి కావలసినాయనకు ట్రాక్టర్ రాదు, ట్రాక్టర్‌కు కావలసినాయన పాలసీకి పనికిరాడు. క్లాజన్న థీసిస్‌లో లేని నాలుగో చాప్టర్ ఇదే.

పరిష్కారం లెర్నర్ లైసెన్సు. మంచిదే. కానీ మూడో నిబంధన ఏమంటుంది? బండికి ముందూ వెనకా 'ఎల్' పలక ఉండాలి, 18 సెంటీమీటర్ల చతురస్రం. అది రాయించవచ్చు. లెర్నర్ పక్కన లైసెన్సున్న శిక్షకుడు కూర్చోవాలి, అదీ బండిని ఆపగలిగే చోట. శిక్షకుడిగా సార్ సిద్ధం. ఎక్కడ కూర్చోవాలి? సీటు ఒక్కటే. మడ్‌గార్డ్ మీద కూర్చోవచ్చు గానీ మడ్‌గార్డ్ సీటు కాదు; అక్కణ్నుంచి సార్ జారిపడితే ఆ పదిహేను లక్షలు వేలాడుతున్న యజమానికి వస్తాయో రావో చెప్పడం కష్టం. క్లాజన్న టీకొట్టు బల్ల మీద రెండు గ్లాసులు, ఒక బిస్కెట్ పెట్టి వారాల తరబడి ఈ సమస్యను అటూ ఇటూ జరిపాడు.

చివరికి దారి ఐదుగురు జడ్జీల తీర్పులోనే దొరికింది. తేలికపాటి వాహనం లైసెన్సుంటే ట్రాక్టర్‌కూ చాలు కదా! అయితే కారు నేర్పిస్తే సరి. అలా, ఇరవయ్యేళ్లు ట్రాక్టర్ నడిపిన మనిషి, ట్రాక్టర్ నడిపే అర్హత కోసం తార్నాక వచ్చి డ్రైవింగ్ స్కూల్ కారులో కూర్చున్నాడు. "ఇంత కిందికున్నదేంది సార్, సాలు ఎట్ల కనబడాలె?" అన్నాడట. నెల గడిచింది, టెస్టులో ఎనిమిది అంకె ఒక్క తప్పు లేకుండా తిప్పాడు, కార్డు చేతికొచ్చింది. క్లాజన్న దాన్ని లామినేట్ చేయించబోతే, చిప్ ఉంటుంది వద్దని సార్ ఆపారు.

దుక్కుల వేళకు సార్ నుంచి ఫోన్.

"బాబూ, అతను పని మానేశాడు. ఉప్పల్‌లో టాటా ఏస్ మీద కూరగాయలు తోలుతున్నాడట. ట్రాక్టర్ కోసం ఇప్పించిన లైసెన్సుతో ట్రాలీ ఆటో నడపడం తప్పు కాదూ?"

"ఏం తప్పు లేదు సార్!" క్లాజన్న గ్లాసు కింద పెట్టాడు. "7500 కిలోల లోపే గదా. ఐదుగురు జడ్జీలు మొన్ననే..."

"సర్లే బాబూ, ఆ ముక్క అతనికి కూడా నువ్వే చెప్పావట. రేపు పొలం దున్నాలి. ఇప్పుడు నా ట్రాక్టర్ నడపడానికి అర్హులెవరు?"

"పాలసీ ప్రకారమైతే సార్..." కాస్త ఆగాడు. "మీరొక్కరే."

అవతల మేడమ్ గొంతు వినిపించింది: "ఫోన్లో ఆ పదిహేను లక్షల అబ్బాయేనా?"