పరీక్షకు ముందే పోయే సీటు

మా రోజుల్లో పిల్లవాడికి సీటు వస్తుందా రాదా అని లెక్కలేసుకుంటూ కూర్చున్న తండ్రిని మా గరికపాడులో నేను చూడలేదు. మార్కుల లిస్టు చేతికొచ్చాక కాలేజీ ఆఫీసుకెళ్లి దరఖాస్తు రాసేవాళ్లం. మార్కులుంటే అడిగిన గ్రూపు ఇచ్చేవారు, లేకపోతే ఇంకోటి. మా నాన్నకు నేను చదివే గ్రూపు పేరు కూడా తెలియదు. ఫీజెంతో తెలుసు, మిరపకాయలు అమ్మగానే కట్టేవాడు.

ఇప్పుడు మా మనవడు ఇంటర్ రెండో ఏడు. రాత్రి అన్నాలు కాగానే వాళ్ల నాన్న ఫోను తీస్తాడు. ఇంజనీరింగ్ ఎంట్రన్సులో 160 మార్కులకు ఇన్నొస్తే ఏ ర్యాంకు, ఇంటర్ మార్కుల వెయిటేజీ 25 శాతం కలిస్తే ఎంత, పోయినేడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగాయి అని చూస్తూనే ఉంటాడు. బిడ్డ మీద బెంగతో చేసే పని, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ లెక్కలో సగం పిల్లవాడు ఆరో తరగతిలో ఉన్నప్పుడే తేలిపోయింది. ఆ రోజు ఎవరూ కాగితం తీయలేదు.

సంగతేమిటంటే, మాది సరిహద్దు ఊరు. పాలేరు దాటితే కోదాడ. సంతకు, సంబంధాలకు మాకు ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ ఒకటే. సీటు దగ్గర మాత్రం ఒకటి కాదు. 1972-73లో జై ఆంధ్ర ఉద్యమంలో కాలేజీలు మూతపడి మా ఈడు వాళ్ల చదువులు నెలల తరబడి ఆగిపోయాయి. ఆ గొడవల్లోంచే ఆరు సూత్రాల పథకం, దాని వెంట 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. దాని ప్రకారం మనం ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, కోదాడ ఉస్మానియా ప్రాంతం. 85 శాతం సీట్లు స్థానికులకు, మిగతా 15 శాతం అందరికీ. ఆ పదిహేనులోనే మన పిల్లలు ఎందరో హైదరాబాదులో ఇంజనీర్లయ్యారు. విభజన చట్టం దాన్ని పదేళ్లు నిలబెట్టింది. ఆ గడువు 2024 జూన్ 2తో తీరింది. 2025-26 నుంచి, కొద్ది మినహాయింపులు పోను, తెలంగాణలో ఆ తలుపు మూసేశారు.

స్థానికత అంటే ఇల్లెక్కడుందని కాదు, బడెక్కడుందని. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ ఒకేచోట చదివితే అక్కడి వాడు. లేదంటే ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడి వాడు. తొమ్మిదో తరగతికే హైదరాబాదు హాస్టల్లో వేస్తే మన పొలం గట్టు మీద పుట్టిన పిల్లవాడు ఇక్కడ స్థానికేతరుడు. పదో తరగతి దాకా ఇక్కడ చదివించి ఇంటర్‌కు మాత్రం అక్కడికి పంపితే హైదరాబాదు కన్వీనర్ సీటు ఆశ వదులుకోవాలి. పొలం కౌలుకిచ్చి, అప్పు తెచ్చి లక్షలు కట్టే తండ్రికి ఈ ముక్క ఏ కాలేజీ పీఆర్వో చెబుతున్నాడు?

ఇంకో సంగతి నాకు మరీ కడుపు మండిస్తుంది. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బీఎస్సీ అగ్రికల్చర్‌కు రైతు కోటా ఉంది, సీట్లలో 40 శాతం. కన్నవాళ్లకు కనీసం ఎకరం పొలం ఉండాలి, పిల్లవాడు ఒకటో తరగతి నుంచి ఇంటర్ లోపు నాలుగేళ్లయినా మున్సిపాలిటీ కాని ఊళ్లో చదివి ఉండాలి. ఆ విశ్వవిద్యాలయం వారి కృషి విజ్ఞాన కేంద్రం మా ఊళ్లోనే ఉంది. 1945 నుంచీ ఉన్న బాపట్ల వ్యవసాయ కాలేజీ మన పిల్లలకు అందని చోటేం కాదు. అయినా ఎల్‌కేజీ నుంచే జగ్గయ్యపేట బస్సెక్కిస్తారు. జగ్గయ్యపేట మున్సిపాలిటీ. అయిదెకరాల ఆసామి కొడుక్కి పాస్‌బుక్కు ఉంటుంది, ఊరిబడి సర్టిఫికెట్ ఉండదు, రైతు కోటా ఉండదు.

నూజివీడు ట్రిపుల్ ఐటీ కూడా అంతే. 2008లో పల్లె పిల్లల కోసమే పెట్టారు. పదో తరగతి మార్కులతోనే సీటిస్తారు, సర్కారు బడి పిల్లలకు 4 శాతం మార్కులు కలుపుతారు. మన జిల్లా పరిషత్ బడిలో చదివే కూలీ బిడ్డకు ఆ మార్కులున్నాయి. ఊళ్లో పరువు కోసం ప్రైవేటు బడిలో వేసిన ఇంటి పిల్లకు లేవు.

మా కాలంలో అంతా బాగుందని నేననను. సీట్లు తక్కువ, ఆడపిల్లల్ని పదితోనే ఆపేసేవారు, నాతో చదివినవాళ్లలో తెలివైనవాళ్లు ఎందరో పొలంలోనే మిగిలిపోయారు. కానీ సీటు రాకపోతే ఎందుకు రాలేదో తెలిసేది: మార్కులు చాలలేదు, లేదా డబ్బు చాలలేదు. ఇప్పుడు మార్కులూ ఉండి, అప్పు తెచ్చిన డబ్బూ కట్టి, బడి ఎక్కడిదన్న ఒక్క కారణంతో ఓడిపోతున్నారు.

అందుకే ఆరేడు తరగతుల పిల్లలున్న వాళ్లకు పెద్దవాడిగా ఒక్క మాట. హాస్టల్ అడ్వాన్సు కట్టకముందే స్టడీ సర్టిఫికెట్లు, పాస్‌బుక్కు ముందేసుకుని మీ పిల్లవాడు ఏ సీట్లకు హక్కుదారో రాసుకోండి. మీకు తెలియకపోతే మన బడి హెడ్మాస్టరు గారిని అడగండి. ఇంకా బడిలో వేయని చిన్నపిల్లలుంటే, వాళ్లను కనీసం ప్రాథమిక చదువైనా మన ఊరిబడిలో చదివించండి.